ఏ పనికి ఏ విమానం?

పక్షం రోజుల కింద, ఒక మంగళవారం పొద్దున బడికి బయలుదేరుతూ స్కూటర్ స్టాండు తీస్తున్నాను. పక్కింటి ఫిట్టర్ కాక కూతురు వచ్చి మా గేటు పట్టుకుని నిలబడింది. చేతులకు గ్రీజు అలాగే ఉంది.

"సార్, నాయన పోయిండు," అంది. "చాయ్ తాగిండు. పానాలు తుడుసుకుంట కూసున్నడు. ఏదో అడిగితె పలుకలే. దగ్గరికి పోయి సూస్తే ఇగ లేడు."

అప్పుడు నేను చేసిన మొదటి పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆ పిల్లను ఓదార్చలేదు. స్కూటర్ డిక్కీ వైపు చూశాను. అందులో ఆయన పది-పదకొండు పానా ఉంది. బ్రేకు తీగ బిగించుకోవడానికి తెచ్చి నాలుగు రోజులైంది. మూడు సాయంత్రాలు ఆయన గోడ అవతలి నుంచి అడిగాడు. మూడుసార్లూ "రేపు తెస్త కాకా" అన్నాను. ఆయనకు అదెంత పెద్ద విషయమో తెలిసి కూడా అన్నాను. ఆ సంగతి చివర్లో చెప్తాను, ముందు ఆయనెవరో చెప్పాలి.

ఎయిర్‌ఫోర్సులో ఇరవై ఏళ్లు ఫైటర్ విమానాలకు ఫిట్టర్‌గా చేసి, ఎనభైల నడుమ రిటైరై సూర్యాపేటకు వచ్చాడాయన. పుట్టింది పెన్‌పహాడ్ దిక్కు. మా వరుస ఇళ్లన్నీ కోదాడ పోయే రోడ్డు మీదే ఉంటాయి. ఇంటి ముందు రేకుల షెడ్డు వేసుకుని పంపుసెట్లు, కరెంటు మోటార్లు బాగుచేసేవాడు. మిర్యాలగూడ రైసుమిల్లుల నుంచి పిలుపొస్తే సంచీ భుజాన వేసుకుని బస్సెక్కేవాడు. ఆయన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. నాకూ, మా ఆవిడకూ, మా పిల్లలకూ కూడా ఫిట్టర్ కాకే. వరుసలు ఎటు పోయినా ఎవరికీ పట్టింపు లేదు.

వచ్చిన కొత్తలో ఆయనంటే మా వీధికి కొంచెం అనుమానం. రోజూ పొద్దున ఏడింటికి షెడ్డు ముందు ఆ చివర నుంచి ఈ చివరకు తల వంచుకుని నడిచేవాడు. ఏదో పోగొట్టుకున్నాడనుకుని మా ఆవిడ ఒకరోజు తనూ కొంగు బిగించి వెతికింది.

"ఏం వోయింది కాకా?"

"ఏం వోలేదమ్మా. ఏం పోవద్దనే సూస్తున్న."

రాళ్లు, మొలలు, తీగ ముక్కలు ఏరి ఒక డబ్బాలో వేసేవాడు. విమానాలు ఎగిరే దారి మీద పొద్దున్నే మనుషులు వరుసకట్టి అలాగే నడుస్తారని తర్వాత చెప్పాడు. జెట్ ఇంజను గాలి పీల్చేటప్పుడు గోలీ అంత రాయి లోపలికి పోయినా చాలు, ఇంజను ఖరాబైతుందట. మా రోడ్డు మీద ఎడ్లబండ్లు, లారీలు తప్ప ఏమీ తిరగకపోయినా ఆయన ఆ నడక మానలేదు. మా వీధిలో సైకిళ్లకు పంచర్లు తగ్గిన మాట మాత్రం నిజం.

షెడ్డు గోడకు నల్లరంగు వేసిన పెద్ద చెక్కపలక ఉండేది. దాని మీద ప్రతి పానాకు, పట్టకారుకు, సుత్తికి ఆకారం తెల్లరంగుతో గీసి ఉండేది. ఏ సామానైనా దాని గీత మీదే వేలాడాలి. ఎవరికైనా ఇస్తే ఆ మేకుకు ఒక రేకుబిళ్ల తగిలించేవాడు, బిళ్ల మీద ఎవరు తీసుకున్నారో మొలతో గీకి ఉండేది. సాయంత్రం తలుపు మూసే ముందు ఒక్కో సామానును వేలితో తాకుతూ పైకి లెక్కపెట్టేవాడు. బిళ్ల ఉన్న చోట దాటేసేవాడు కాదు. "పాలాయన దగ్గర" అని చెప్పి ముందుకు పోయేవాడు. అలా చెప్పిన రోజు ఆయనకు అన్నం సయించేది కాదని ఆయన భార్య కాకమ్మ బతికున్నప్పుడు మా ఆవిడతో అనేది. నడుమ ఎవరైనా పలకరించి లెక్క తప్పితే మళ్లీ మొదటికి వచ్చేవాడు.

"ముప్పైల ఉంటివి గద కాకా, గాడికెల్లే అందుకో," అన్నానొకసారి.

"ఇంజన్ల పానా మర్సిపోయి మూత బిగిస్తే ఎట్లుంటది సారూ? తప్పినంక నడుమకెల్లి లెక్కవెట్టుడు లేదు. ఒకటి నుంచే."

ఇరవై ఏళ్లు ఫైటర్ల మధ్య బతికిన మనిషి గాల్లోకి ఒక్కసారీ పోలేదు. మా పెద్దోడు అడిగితే నవ్వాడు. "ఎక్కిన బిడ్డా, మస్తుసార్లు ఎక్కిన. సీట్ల కూసున్న, ఇంజన్ నడిపిచ్చిన. నేల ఇడిసింది లేదు." ఎక్కడెక్కడ పనిచేశాడో ఊళ్ల పేర్లు చెప్పేవాడు కాదు. "పేపర్ల వచ్చిందే మాట్లాడుకుందం సారూ" అనేవాడు. అందుకని హైదరాబాదు పోయినవాళ్లతో పాత ఇంగ్లీషు విమానాల పత్రికలు తెప్పించుకునేవాడు. ఆదివారం మధ్యాహ్నాలు షెడ్డులో కూర్చుని నేను అవి చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. నేను చెప్పిన తెలుగుకు అర్థం ఆయన చెప్పేవాడు.

నేను లెక్కల పంతులును. అంకె కనిపిస్తే చాలు నాకు ప్రాణం లేచి వస్తుంది. దీని వేగం ఇంత, అది ఎగిరే ఎత్తు అంత అని చదువుతూ ఊగిపోయేవాణ్ణి. "ఇగ చెప్పు కాకా, అన్నిట్ల ఏది గొప్పది?" అని అడిగితే ఎప్పుడూ ఒక్కటే జవాబు. అది జవాబు కూడా కాదు, ప్రశ్న.

"ఏ పనికి?"

ఆ మాట విమానాలతో ఆగేది కాదు. ఒక వేసవి సెలవుల్లో ఆయన వెంట మిర్యాలగూడ పోయాను. మిల్లు యజమాని కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, "కాకా, కొత్త మోటరు కొంటున్న. అన్నిట్ల మంచిది ఏదో నువ్వే సెప్పు," అన్నాడు.

"ఏ పనికి?"

"అరె, మోటరు దేనికి కొంటరు కాకా? తిరిగెతందుకు."

"వడ్లు పట్టెతందుకా, తవుడు ఊదెతందుకా, వడ్లు మీదికి ఎత్తెతందుకా? ఒక్కొక్కదానిది ఒక్కొక్క తీరు. గది సెప్పకుంట మంచిదేందంటే నేనేం సెప్పాలె?"

మిల్లాయన నెత్తి గోక్కున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ మాట నాకు కూడా తగులుతుందని అప్పుడు తెలియలేదు.

తొంభై ఒకటి జనవరిలో గల్ఫ్ యుద్ధం మొదలైంది. పేపరు తెరిస్తే విమానాలే. మా బడిలో పిల్లలు బెంచీల మీద కూడా అవే గీస్తున్నారు. నాకు చేతులు ఆగలేదు. ఒక పెద్ద చార్టు తెచ్చి ఆరు విమానాల పేర్లు రాశాను. వేగానికి, ఎత్తుకు, పోగల దూరానికి, మోసే బాంబుల బరువుకు, మిస్సైళ్లకు విడివిడిగా మార్కులు వేసి, కూడి, ర్యాంకులిచ్చాను. మిగ్-25 ఫస్టు వచ్చింది. ఎఫ్-16, మిగ్-29, మిరాజ్ నడుమ ఉన్నాయి. జాగ్వార్ ఆఖరు నుంచి రెండోది. మిగ్-21 అన్నిటికన్నా ఆఖరు. చార్టును నోటీసుబోర్డు మీద అతికించాను. దాని పక్కనే పదో తరగతి ప్రీఫైనల్ ర్యాంకుల కాగితం ఉంది. అది కూడా నేను రాసిందే.

ఆ కాగితంలో ఆఖరి పేరు ఫిట్టర్ కాక కూతురిది. లెక్కల్లో నూటికి పదకొండు. నేను చెప్పిన లెక్కల్లో పబ్లిక్ పరీక్ష తప్పినవాళ్లు అప్పటికి ఎవ్వరూ లేరు. ఆ పేరు కాపాడుకోవడానికి నాకొక అలవాటు ఉండేది. తప్పుతారనిపించిన పిల్లల ఇంటివాళ్లను పిలిచి, ఈ ఏడు ఆపి వచ్చే ఏడు రాయించండి అని చెప్పేవాణ్ణి. ఏడాది ఆగిన ఆడపిల్ల మళ్లీ బడిమెట్లు ఎక్కడం నా సర్వీసులో ఒకటి రెండుసార్లే చూశాను. అది తెలిసి కూడా చెప్పేవాణ్ణి. ఆ పిల్లకూ అదే చెప్పి, వాళ్ల నాయనను తోలుకురమ్మన్నాను.

ఆయన సాయంత్రం నాలుగింటికి, గంట కొట్టాక వచ్చాడు. పిల్ల సంచీ గుండెకు హత్తుకుని వెనకాల నిలబడింది. వరండాలోనే చెప్పాను.

"కాకా, ఈ ఏడు పరీక్షకు వద్దు. తప్పుతది. వచ్చే ఏడు సూద్దం."

ఆయన నోటీసుబోర్డు వైపు తిరిగాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకుని, చార్టును పైనుంచి కిందిదాకా చదివాడు.

"గిదేంది సారూ?"

"విమానాలకు ర్యాంకులు కాకా. అన్నిటిని కలిపి లెక్కగట్టిన."

"మిగ్-25 ఫస్టా?"

"వేగంల, ఎత్తుల దాన్ని మించింది లేదు గద."

"మంచిది. సైరన్ మోగింది. శత్రువు మీదికొస్తుండు. ఎవరిని లేపుతవ్?"

"ఫస్టొచ్చినదాన్నే."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "అది ఉరుకుతది, కని గిర్రున తిరగలేదు. మస్తు బరువు. అందనంత ఎత్తుకు పోయి, ఫోటోలు తీస్కొని, దొరకకుంట వచ్చెతందుకు దాన్ని చేసుకున్నరు మనోళ్లు. గా పనికి అదే మొనగాడు. సైరన్ మోగినప్పుడు లేసేది నీ ఆఖరోడు, మిగ్-21. చిన్నగుంటది, జల్ది లేస్తది. కని దూరం పోలేదు, ఎనక ఏమొస్తుందో పైలట్‌కు సరిగ కనవడది. సరే, ఇప్పుడు సెప్పు. శత్రువు దేశంల దూరంగ ఒక వంతెనున్నది. రాడార్‌కు దొరకకుంట చెట్లమీదికెల్లి పోయి కొట్టి రావాలె."

నేను చార్టు వైపు చూసి, "జాగ్వార్," అన్నాను.

"నీ లిస్టుల ఎన్నోది?"

ఆఖరు నుంచి రెండో పేరు చూపించాను.

"రన్‌వే మీద రాళ్లున్నయి, ఊడ్సెతందుకు టైం లేదు. ఎవరిని పంపుతవ్?"

"అది నా చార్టులో లేదు కాకా."

"గదే అంటున్న. మిగ్-29 నేల మీదున్నప్పుడు ముందటి నోరు మూసుకొని పైకెల్లి గాలి పీలుస్తదని నువ్వే సదివి సెప్పినవ్. ఎఫ్-16కు నోరు కడుపు కింద, నేలకు దగ్గర. దానికి అద్దమసొంటి రన్‌వే గావాలె. కని పైలట్‌కు సుట్టూత మంచిగ కనవడుడు దాంట్లనే. మిగ్-29 పొగ ఇడుస్తది, దూరంకెల్లే పట్టిస్తది. మిరాజ్ అన్ని పనులు తెలిసినోడు. సూస్తుండంగనే తిరుగుతది, కని తిరుగుకుంటనే ఉంటే ఊపు తగ్గుతది." ఆయన వేలు చార్టు చివరి గడి మీద పెట్టాడు. అక్కడ నేను ఎర్రసిరాతో మొత్తం రాశాను. "ఇన్ని తీర్లున్నదాన్ని ఒక్క అంకె ఎట్ల జేసినవ్? కిలోలను మీటర్లను కూడొద్దని పిల్లలకు నువ్వే సెప్తవ్ గద సారూ."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆరో తరగతి పిల్లవాడు ఆ పని చేస్తే గోడకుర్చీ వేయించేవాణ్ణి.

ఆయన "పోయొస్త" అని మెట్లు దిగి, ఆగాడు. "బిడ్డ సంగతి నీ ఇష్టం సారూ. సదువుకున్నోనివి," అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే నాకు వదిలేశాడు. తండ్రీకూతుళ్లు గేటు దాటి పోయారు.

చార్టు పీకేశాను. మైదాపిండితో గట్టిగా అతికించానేమో, ముక్కలు ముక్కలుగా వచ్చింది. పీకుతున్నంతసేపూ పక్కన రెండో కాగితం కనిపిస్తూనే ఉంది. ఆయన దాని వైపు చూపు కూడా తిప్పలేదు, ఒక్క మాట అనలేదు. అని ఉంటే వాదించేవాణ్ణి, నాకు నోరు తక్కువ కాదు.

మర్నాడు సాయంత్రం షెడ్డుకు పోయాను. కాక మిర్యాలగూడ పోయాడు. పిల్ల ఒక్కతే కూర్చుని కాలిపోయిన మోటారుకు రాగితీగ చుడుతోంది. పెదవులు కదులుతున్నాయి. పలకరించబోతే చెయ్యెత్తి ఆగమంది, పంతులునని కూడా చూడలేదు. చుట్టడం అయ్యాక తలెత్తి, "మాఫ్ చెయ్యి సార్, లెక్క తప్పితే మళ్ల మొత్తం ఇప్పాలె," అంది. ఎన్ని చుట్లని అడిగాను. వందల్లో చెప్పింది. ఒక్కటి తప్పినా మోటారు వేడెక్కుతుందట. ఈ పిల్లకేనా నేను పదకొండు వేసింది అనుకున్నాను. వేసిన మార్కులు తప్పు కాదు, ఆ కాగితం మీద ఆమె రాసింది అంతే. కానీ ఆ కాగితం తప్ప ఆమె గురించి నాకేమీ తెలియదు. మా గోడ అవతల ఆరేళ్లుగా పెరుగుతున్న పిల్ల.

కాక బస్సు దిగి వచ్చేదాకా కూర్చున్నాను. "పరీక్షకు పంపుదం కాకా. రోజు సాయంత్రం నేనే వచ్చి చెప్త, గీడనే," అన్నాను.

ఆయన సంచీ దించి నా వైపు చూశాడు. "అయితే ఎక్కడ తప్పిందో ఎతుకకు సారూ. ఒకటి నుంచి మొదలువెట్టు."

అలాగే మొదలుపెట్టాను, భిన్నాల నుంచి. కప్పీల మీద, బెల్టుల మీద నిష్పత్తులు చెప్పాను. పిల్లకు విసుగొస్తే విమానాల మీద లెక్కలిచ్చేవాణ్ణి. ఒకరోజు, ఫైటర్‌లో ఇంధనం ఇంత ఉంటే, కిలోమీటరుకు ఇంత తాగితే, ఎంత దూరంలో ఉన్న శత్రువును కొట్టగలదో లెక్కకట్టమన్నాను. పిల్ల పలక పక్కన పెట్టింది.

"సార్, నువ్వు పోవుడే సూసినవ్. మళ్ల రావద్దా?"

మూలన బేరింగు కడుగుతున్న కాక పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ రోజే నాకు నమ్మకం కుదిరింది. ఏప్రిల్ దాకా నిద్ర సరిగా పట్టలేదనేది వేరే సంగతి. పిల్ల పాసైంది. లెక్కల్లో అంచు మీద గట్టెక్కింది. నల్లగొండలో ఐటీఐ చేసింది, ఇప్పుడు ఆ షెడ్డులో సగం, మోటారు వైండింగు పని మొత్తం, ఆమెదే. చివ్వెంల నుంచి కూడా మోటార్లు ఆమె చేతి మీదికే వస్తాయి.

నేనూ పాసయ్యాననే అనుకుంటాను. ఆ ఏడు నుంచి ఎవరినీ ఆపలేదు. మార్కుల కాగితంలో మొత్తం రాయడం మానేశాను. హెడ్మాస్టరు గొణిగాడు, నా పేరుకు మచ్చ పడింది, తర్వాతి ఏళ్లలో కొందరు తప్పారు. తప్పినవాళ్లు మళ్లీ వచ్చి కూర్చున్నారు, మళ్లీ చెప్పాను. ఆ పిల్లలెవరికీ తెలియదు, వాళ్ల పరీక్ష ఫీజు కాగితం మీద నా సంతకం వెనక ఒక ఫిట్టర్ ఉన్నాడని.

ఈ ఏడు కార్గిల్ యుద్ధమప్పుడు మళ్లీ పేపర్ల నిండా విమానాలు. ఆగస్టులో కోదాడలో ఒక కాలేజీవాళ్లు కాకను మాట్లాడమని పిలిచారు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, నన్ను తోడు తీసుకుని బయలుదేరాడు. ఒక కుర్రాడు లేచి, "మిరాజ్, ఎఫ్-16 ఎదురుపడితే ఏది గెలుస్తుందండీ?" అన్నాడు. హాలంతా చప్పట్లు, ఈలలు. నాకు జవాబు ముందే తెలుసు.

"ఏ పనికి బాబూ?" అన్నాడు కాక. "ఎవరు ముందు సూసిండ్రు? ఎవరి దగ్గర ఇంధనం మిగిలింది? ఎవరు ఇంటికి దగ్గరున్నరు? గాడ కొండల మీద గాలి పల్చగుంటది. ఇంజన్‌కు దమ్ము తగ్గుతది, బాంబు మైదానంల పడ్డట్టు పడది. పుస్తకంల అంకె ఈడ రాసింది, గాడ రాసింది కాదు." సిగ్గుపడుతూ, "ఇంకోటి. లేసేటప్పుడు అందరు సూస్తరు. దిగినంక సూసేటోడు ఒకడు గావాలె," అన్నాడు.

ఈసారి ఈలలు లేవు, చప్పట్లు మాత్రం చాలాసేపు మోగాయి. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కొత్త పెళ్లికొడుకులా మెరిసిపోయాడు. ఆ రోజు ఆయన పక్కన కూర్చోగలిగినందుకు నాకు ఇప్పటికీ సంతోషమే.

దినాలన్నీ అయ్యాక నిన్న షెడ్డు మళ్లీ తెరిచారు. సాయంత్రం పానా జేబులో వేసుకుని పోయాను. పిల్ల తలుపు సగం చేరేసి సామాన్ల పలక ముందు నిలబడి ఉంది. నేను వచ్చింది చూసుకోలేదు. వేలితో తాకుతూ లెక్క మొదలుపెట్టింది. పదహారు దాకా వచ్చింది. పదిహేడో మేకుకు పానా లేదు, తెల్లగీత ఖాళీగా ఉంది, మేకుకు రేకుబిళ్ల వేలాడుతోంది.

"సారు దగ్గర," అంది పైకి, అచ్చం వాళ్ల నాయన అన్నట్టే. పద్దెనిమిదికి పోయింది.

అక్కడ ఏడుపు ఆగలేదు నాకు. నాలుగడుగులు వేసి, బిళ్ల తీసి, పానాను దాని గీత మీద తగిలించాను. తాకినప్పుడు చిన్నగా టింగుమంది. పిల్ల వేలు గాల్లోనే ఆగిపోయింది.

"నీ లెక్క తప్పించిన బిడ్డా," అన్నాను.

నా వైపు చూడలేదు. పానాను చూసింది. చొక్కా చేతితో ముఖం తుడుచుకుని, రెండడుగులు పక్కకు జరిగి, వేలు మొదటి మేకు మీద పెట్టింది.

"ఒకటి," అంది.